అమెరికాలో క్రాక్ కొకైన్ మహమ్మారి: చరిత్ర, సామాజిక ప్రభావం

కొకైన్ అనే మాదకద్రవ్యాన్ని వేడిచేసి పొగగా పీల్చుకోవడానికి వీలుగా గడ్డకట్టించిన రూపాన్ని క్రాక్ అంటారు. 1980ల తొలి సంవత్సరాలలో అమెరికా సంయుక్త రాష్ట్రాల పెద్ద నగరాలలో తలెత్తి, 1984 మొదలు 1990ల మధ్యకాలం దాకా ప్రధానంగా నల్లజాతి, లాటినో పేదలు నివసించే వాడలను అతలాకుతలం చేసిన దీని వాడకాన్ని, దాని వెంట వచ్చిన హత్యలను, అరెస్టులను, చెదిరిపోయిన కుటుంబాలను అన్నిటినీ కలిపి క్రాక్ మహమ్మారిగా వ్యవహరిస్తారు.

ఈ చరిత్రను పరిశీలించినవారు రెండు నష్టాలను విడివిడిగా లెక్కించవలసి వచ్చింది. మొదటిది ఆ మత్తు వల్లా, దాని వ్యాపారం వల్లా కలిగినది. రెండవది దానిని అణచివేయడానికి ప్రభుత్వం తెచ్చిన చట్టాల వల్ల కలిగినది. మొదటి నష్టాన్ని తక్కువ చేసి చెప్పడానికి వీల్లేదు. అది వేలమంది యువకులను పొట్టనపెట్టుకున్నది, పిల్లలను తల్లులకు దూరం చేసింది. కానీ ఆ ఉధృతి పది పదిహేనేళ్లలో చాలావరకు తగ్గిపోగా, చట్టం చేసిన గాయం నాలుగు దశాబ్దాలు గడిచినా పూర్తిగా మానలేదు.

కోకా ఆకు నుంచి క్రాక్ దాకా

దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వత ప్రాంతాల ప్రజలు కోకా ఆకును వేల సంవత్సరాలుగా నములుతున్నారు. అలా నమిలినప్పుడు శరీరానికి చేరే కొకైన్ పరిమాణం స్వల్పం కాబట్టి, అది అలసటను, ఆకలిని మరపించే ఉత్తేజకంగా మాత్రమే పనిచేస్తుంది. ఆకులోని సారాన్ని జర్మన్ రసాయన శాస్త్రవేత్త ఆల్బర్ట్ నీమన్ 1860 ప్రాంతంలో వేరుచేసి దానికి కొకైన్ అని పేరు పెట్టాడు. 1884లో వియన్నా వైద్యుడు కార్ల్ కోలర్ కంటి శస్త్రచికిత్సలో దానిని మత్తుమందుగా వాడి చూపడంతో వైద్యలోకంలో దానికి గొప్ప ఆదరణ లభించింది. 1886లో అట్లాంటాలో మొదలైన కోకా కోలా పానీయంలో సైతం తొలినాళ్లలో కోకా ఆకు సారం ఉండేది. వ్యసన దోషం బయటపడ్డాక, 1914లో వచ్చిన హారిసన్ చట్టం వైద్యావసరాలకు మించిన వినియోగాన్ని దాదాపుగా మూసివేసింది. ఆ చట్టానికి ముందు అమెరికా దక్షిణాది పత్రికలలో కొకైన్ మత్తులోని నల్లవారి గురించి పుట్టించిన భయానక కథనాలు విరివిగా వచ్చాయన్న సంగతిని ఇక్కడ గుర్తుంచుకోవాలి. డెబ్బై ఏళ్ల తరువాత అవే ఊహలు కొత్త రూపంలో తిరిగి తలెత్తాయి.

1970లలో కొకైన్ మళ్లీ వాడుకలోకి వచ్చినప్పుడు అది సినిమావారు, సంగీతకారులు, సంపన్న ఉద్యోగులు ముక్కుతో పీల్చే ఖరీదైన తెల్లటి పొడి. రసాయనికంగా ఈ పొడి ఒక లవణం. దానిని వేడిచేస్తే ఆవిరయ్యేలోపే చాలావరకు విచ్ఛిన్నమైపోతుంది కాబట్టి పొగగా పీల్చడానికి పనికిరాదు. లవణ భాగాన్ని తొలగించి క్షార రూపానికి మారిస్తే మాత్రం అది సుమారు 98 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరిగి, తేలికగా ఆవిరవుతుంది. 1970ల చివరలో ఈ మార్పిడికి ఈథర్ అనే, ఇట్టే అంటుకునే ద్రావకాన్ని వాడేవారు. ప్రసిద్ధ హాస్యనటుడు రిచర్డ్ ప్రయర్ 1980 జూన్‌లో ఒళ్లు తీవ్రంగా కాలి ఆసుపత్రి పాలైన సంఘటన ఈ రకపు కొకైన్‌ను దేశమంతటికీ పరిచయం చేసింది. ఈథర్‌తో పని లేకుండా, వంటసోడా వంటి సామాన్య పదార్థంతో అదే మార్పిడి సాధ్యమని తెలిసిన తరువాత పుట్టినదే క్రాక్. పొగ తాగేటప్పుడు గడ్డ చిటపటలాడే చప్పుడును బట్టి దానికి ఆ పేరు వచ్చింది.

క్రాక్‌లోని మత్తు పదార్థానికీ పొడిలోని దానికీ తేడా లేదు; శరీరంలోకి చేరే దారిలోనూ వేగంలోనూ ఉన్నదే తేడా. ముక్కు పొరల ద్వారా వెళ్లే కొకైన్ మెదడును ప్రభావితం చేయడానికి కొన్ని నిమిషాలు పడితే, ఊపిరితిత్తుల నుంచి వెళ్లేది సుమారు పది సెకన్లలో అక్కడికి చేరుతుంది. మెదడులో సంతోషానుభూతికి సంబంధించిన డోపమిన్ అనే రసాయనాన్ని నాడీకణాలు తిరిగి లోపలికి తీసుకోకుండా కొకైన్ అడ్డుపడటంతో ఒక్కసారిగా తీవ్రమైన ఉత్సాహం కలుగుతుంది. పొగ పీల్చినవారిలో అది ఐదు పది నిమిషాలలోనే దిగిపోయి, దాని వెంటనే నీరసం, చిరాకు, మళ్లీ కావాలన్న తీవ్రమైన యావ మొదలవుతాయి. ఒకే రాత్రిలో చేతిలో డబ్బంతా అయిపోయేదాకా పదేపదే పీల్చే అలవాటుకు ఇదే కారణం.

అన్నిటికన్నా ముఖ్యంగా క్రాక్ చవక. పొడి కొకైన్‌ను గ్రాముల లెక్కన కొనాలంటే వంద డాలర్ల దాకా పెట్టవలసిన రోజులలో, క్రాక్ గడ్డలు ఐదు, పది, ఇరవై డాలర్లకు విడివిడిగా దొరికేవి. న్యూయార్క్‌లో వాటిని రంగు రంగుల ప్లాస్టిక్ మూతలున్న చిన్న గొట్టాల వంటి సీసాలలో అమ్మేవారు. ఏ రంగు మూత ఏ ముఠాదో కొనేవారికి తెలిసేది. ఖాళీ అయిన ఆ సీసాలు హార్లెమ్, బ్రాంక్స్, బ్రూక్లిన్ కాలిబాటల మీద, బడి ఆవరణలలో, ఆటస్థలాలలో గుట్టలుగా కనిపించేవని ఆ కాలపు నివాసులు, విలేకరులు ఎందరో నమోదు చేశారు. మత్తుమందుల చరిత్రలో నిరుపేదల అంగడికి తగ్గట్టుగా ఇంత చిన్న ధరకు, ఇంత చిన్న మోతాదులో ఒక ఖరీదైన సరుకును విడగొట్టి అమ్మడం అరుదు. మహమ్మారి వేగానికి మత్తు గుణం ఎంత కారణమో ఈ వ్యాపార రూపం కూడా అంత కారణం.

వ్యాప్తి, దాని వెనుక ఉన్న పరిస్థితులు

1980ల ఆరంభంలో కొలంబియాలోని మెడెయిన్, కాలీ ముఠాలు కొకైన్ రవాణాను భారీ పరిశ్రమ స్థాయికి పెంచాయి. బహామాస్ దీవులలోని నార్మన్స్ కే అనే చిన్న ద్వీపాన్ని కార్లోస్ లేడర్ తన విమానాల స్థావరంగా మార్చుకుని అక్కడి నుంచి ఫ్లోరిడాకు సరుకు చేరవేశాడు. సరఫరా వెల్లువెత్తడంతో దశాబ్దం పొడవునా టోకు ధరలు పడిపోతూ వచ్చాయి. అమ్ముడుపోని పొడిని కొత్త కొనుగోలుదారులకు చేర్చవలసిన అవసరం వ్యాపారులకు ఏర్పడింది. దారిలో ఉన్న బహామాస్‌లోనే 1983, 1984 సంవత్సరాలలో పొగ కొకైన్ వ్యసనపరులు ఆసుపత్రులకు వెల్లువెత్తారు. ఆ వెంటనే లాస్ ఏంజెలెస్, మయామీ, న్యూయార్క్ నగరాలలో అది పాదుకున్నది. 1985 నవంబరులో న్యూయార్క్ టైమ్స్ తన పుటలలో క్రాక్ పేరును తొలిసారి ప్రస్తావించే నాటికి ఆ నగరపు వీధులలో అది పరిచితమైన సరుకే. షికాగో వంటి చోట్లకు మాత్రం కొన్నేళ్లు ఆలస్యంగా చేరింది.

సరఫరా దేశమంతటా పెరిగినా అంగడి మాత్రం కొన్ని వాడలలోనే ఎందుకు వెలిసిందన్నది ప్రధానమైన ప్రశ్న. రెండవ ప్రపంచ యుద్ధకాలంలోనూ ఆ తరువాతా దక్షిణాది రాష్ట్రాల నుంచి వలస వచ్చిన నల్లజాతి కుటుంబాలకు నగరాల కర్మాగారాలు స్థిరమైన జీతాలిచ్చాయి. 1970ల నుంచి ఆ కర్మాగారాలు వరసగా మూతబడ్డాయి. లాస్ ఏంజెలెస్ దక్షిణ భాగానికి ఆనుకుని ఉన్న సౌత్ గేట్‌లో ఫైర్‌స్టోన్ టైర్ల కర్మాగారం 1980లోనూ, జనరల్ మోటార్స్ కార్ల కర్మాగారం 1982లోనూ మూతపడ్డాయి. ఉద్యోగాలు శివార్లకు, ఇతర దేశాలకు తరలిపోగా, వాటి వెంట వెళ్లగల స్తోమత ఉన్న కుటుంబాలు వెళ్లిపోయి, వెళ్లలేనివారు ఒకే చోట మిగిలిపోయిన వైనాన్ని సామాజిక శాస్త్రవేత్త విలియం జూలియస్ విల్సన్ 1987లో ప్రచురించిన గ్రంథంలో విపులంగా చర్చించాడు. అదే సమయంలో అధ్యక్షుడు రేగన్ ప్రభుత్వం నగరాల గృహనిర్మాణానికి, ఉపాధి శిక్షణకు ఇచ్చే నిధులను కోసివేసింది. పని లేని కుర్రవాళ్లకు పని ఇచ్చే సంస్థగా ఆ వాడలలోకి అడుగుపెట్టినది క్రాక్ వ్యాపారమే.

ఆ పని జీతం గురించి ప్రచారంలో ఉన్న ఊహలను ఒక పరిశోధన తలకిందులు చేసింది. మద్రాసులో పుట్టి కాలిఫోర్నియాలో పెరిగిన సామాజిక శాస్త్రవేత్త సుధీర్ వెంకటేశ్ షికాగోలోని ప్రభుత్వ గృహ సముదాయాలలో ఏళ్ల తరబడి తిరిగి, ఒక ముఠా స్వయంగా రాసుకున్న జమాఖర్చుల పద్దులను సంపాదించాడు. ఆర్థికవేత్త స్టీవెన్ లెవిట్‌తో కలిసి 2000లో ఆయన ప్రచురించిన విశ్లేషణ ప్రకారం, వీధి చివర నిలబడి సరుకు అమ్మే కుర్రాళ్ల సంపాదన చట్టబద్ధమైన కనీస వేతనం కన్నా తక్కువ. పైస్థాయి నాయకులకు మాత్రమే పెద్ద మొత్తాలు దక్కేవి. ఆ కుర్రాళ్లలో ఏటా కనీసం నూటికి ఏడుగురు చనిపోయే ప్రమాదం ఉన్నదని కూడా వారు లెక్కగట్టారు. ఏదో ఒకనాటికి పైమెట్టు ఎక్కుతామన్న ఆశే వారిని అక్కడ నిలబెట్టింది. న్యూయార్క్‌లోని ఈస్ట్ హార్లెమ్‌లో క్రాక్ అమ్మే ప్యూర్టోరికన్ యువకుల మధ్య నివసించిన మానవ శాస్త్రవేత్త ఫిలిప్ బుర్గువా కూడా, బయటి ఉద్యోగాలలో ఎదురయ్యే అవమానాలకు విరుగుడుగా వారు వీధిలో గౌరవాన్ని వెతుక్కున్నారని వివరించాడు.

సరఫరా కథలో మధ్య అమెరికా రాజకీయాలకు కూడా చోటున్నది. నికరాగ్వాలోని వామపక్ష ప్రభుత్వాన్ని కూల్చడానికి అమెరికా పోషించిన కాంట్రా తిరుగుబాటుదారుల సహచరులలో కొందరు కొకైన్ రవాణాలో పాలుపంచుకున్నారని సెనేటర్ జాన్ కెర్రీ అధ్యక్షతన పనిచేసిన ఉపసంఘం 1989లో నివేదించింది. 1996 ఆగస్టులో శాన్ హోసే మెర్క్యురీ న్యూస్ పత్రికలో గ్యారీ వెబ్ అనే విలేకరి, కాంట్రాలతో సంబంధమున్న డానిలో బ్లాండన్ అనే వ్యాపారి నుంచి లాస్ ఏంజెలెస్‌లో పేరుమోసిన క్రాక్ వర్తకుడు రిక్ రాస్‌కు సరుకు అందిన తీరును బయటపెట్టాడు. పెద్ద పత్రికలు ఆ కథనంలోని అతిశయోక్తులను ఎత్తిచూపి వెబ్‌ను దాదాపు వృత్తి నుంచే వెళ్లగొట్టాయి. 1998లో అమెరికా గూఢచార సంస్థ సి.ఐ.ఏ. అంతర్గత తనిఖీ అధికారి నివేదిక మాత్రం, మాదకద్రవ్య ఆరోపణలున్న వ్యక్తులతో ఆ సంస్థ సంబంధాలు కొనసాగించిందని ఒప్పుకున్నది. క్రాక్‌ను నల్లవారి వాడలలోకి ప్రభుత్వమే పథకం ప్రకారం పంపిందన్న నమ్మకానికి ఆధారాలు దొరకలేదు. తన విదేశాంగ ప్రయోజనాల కోసం రవాణాను చూసీచూడనట్టు వదిలేసిందన్న మాటకు ఆధారాలున్నాయి. ఈ రెండింటినీ కలిపివేయడం ఆ చర్చకు చాలా చేటు చేసింది.

వీధులలో, ఇళ్లలో, ఆసుపత్రులలో

క్రాక్ అంగళ్లు ఆరుబయట, వీధి మలుపులలో సాగేవి. ఒక్కొక్క మలుపు కోసం ముఠాలు తలపడ్డాయి. సరుకు, సొమ్ము చేతిలో ఉన్న కుర్రాళ్లు రక్షణకోసం తుపాకులు కొన్నారు. వారిని చూసి వ్యాపారంతో సంబంధం లేని తోటి కుర్రాళ్లు సైతం తుపాకులు పట్టారు. న్యూయార్క్ నగరంలో 1990లో 2,245 హత్యలు నమోదయ్యాయి; అది ఆ నగర చరిత్రలోనే అత్యధికం. జనాభాలో చిన్నదైన వాషింగ్టన్‌లో 1991లో సుమారు 480 మంది హత్యకు గురయ్యారు. దేశం మొత్తం మీద 14 నుంచి 17 ఏళ్ల నల్లజాతి బాలుర హత్యల రేటు 1984కూ 1994కూ మధ్య రెట్టింపును మించింది. ఈ హింసకు మత్తు తలకెక్కడమే కారణమని అప్పట్లో విరివిగా నమ్మారు. నేర శాస్త్రవేత్త పాల్ గోల్డ్‌స్టీన్ మాదకద్రవ్యాలతో ముడిపడిన హింసను మూడుగా విభజించాడు: మత్తు ప్రభావంలో చేసేది, మందు కొనడానికి డబ్బు కోసం చేసేది, చట్టబాహ్యమైన అంగడిలో తగాదాల వల్ల జరిగేది. ఆయన బృందం 1988 నాటి న్యూయార్క్ హత్యలను పరిశీలించినప్పుడు, మాదకద్రవ్యాలతో సంబంధమున్న హత్యలలో దాదాపు నాలుగింట మూడు వంతులు మూడవ రకానికి చెందినవని తేలింది. చంపింది మత్తు కన్నా అంగడే ఎక్కువ.

పూర్వపు హెరాయిన్ వ్యాప్తితో పోలిస్తే క్రాక్ బారిన పడినవారిలో స్త్రీల పాలు ఎక్కువ. సూది అవసరం లేకపోవడం, చిన్న మొత్తానికే దొరకడం ఇందుకు దోహదం చేశాయి. డబ్బు అయిపోయిన స్త్రీలు క్రాక్ కోసం శరీరాన్ని అమ్ముకోవలసిన దుస్థితి ఏర్పడటంతో సుఖవ్యాధులు ప్రబలాయి. 1990లో అమెరికాలో తొలిదశ సిఫిలిస్ కేసులు 50,000 దాటాయి. 1940ల తరువాత అంత సంఖ్య ఎన్నడూ లేదు. న్యూయార్క్, మయామీ, శాన్‌ఫ్రాన్సిస్కో నగరాలలో ఎన్నడూ సూదిమందు వాడని యువతపై జరిపి 1994లో ప్రచురించిన అధ్యయనంలో, క్రాక్ తాగేవారిలో హెచ్.ఐ.వి. ఉన్నవారు 15.7 శాతం కాగా తాగనివారిలో 5.2 శాతం మాత్రమే. ఎయిడ్స్‌కు సరైన మందులు లేని రోజులవి. అలా ఎయిడ్స్‌తో పోయినవారి మరణాలు క్రాక్ పద్దులో చాలాకాలం చేరలేదు.

తల్లులు వ్యసనానికి లోనైన లేదా జైలుకు వెళ్లిన ఇళ్లలో పిల్లల భారం అమ్మమ్మల మీద, నాయనమ్మల మీద పడింది. ఉద్యోగ విరమణకు దగ్గరపడిన స్త్రీలు పసిబిడ్డలను మళ్లీ మొదటినుంచి పెంచవలసి వచ్చింది. వారిలో చాలామందికి ప్రభుత్వం నుంచి అపరిచిత పెంపుడు కుటుంబాలకు అందేపాటి భత్యం కూడా అందలేదు. ప్రభుత్వ సంరక్షణలో పెరిగే పిల్లల సంఖ్య 1980ల ద్వితీయార్ధంలో వేగంగా పెరిగింది.

"క్రాక్ శిశువుల" కథ

గర్భిణిగా ఉన్నప్పుడు కొకైన్ వాడిన 23 మంది స్త్రీలపై షికాగో వైద్యుడు ఐరా చాస్నాఫ్ 1985లో ఒక ప్రాథమిక పరిశీలనను ప్రచురించాడు. అంత చిన్న అధ్యయనాన్ని పట్టుకుని పత్రికలు, టెలివిజన్ సంస్థలు ఒక తరం మొత్తం మెదడు దెబ్బతిని పుడుతున్నదని, వీరు బడికి, ప్రేమకు, సమాజానికి పనికిరాకుండా పోతారని జోస్యం చెప్పాయి. నెలలు నిండకుండా పుట్టి వణుకుతున్న శిశువుల దృశ్యాలు పదేపదే ప్రసారమయ్యాయి. ఆ వణుకులో చాలాభాగం నెలలు నిండకపోవడం వల్ల కలిగేదే.

ఫిలడెల్ఫియాలోని ఐన్‌స్టీన్ వైద్యకేంద్రంలో శిశువైద్య నిపుణురాలు హాలమ్ హర్ట్ 1989 నుంచి 1992 మధ్య పుట్టిన 224 మంది శిశువులను ఎంపిక చేసుకుని, వారు పెద్దవారయ్యేదాకా గమనించింది. వారిలో సగంమంది తల్లులు గర్భకాలంలో కొకైన్ వాడినవారు, మిగిలిన సగం వాడనివారు. అందరూ పేద కుటుంబాలకు చెందినవారే. నాలుగేళ్ల వయసులో తెలివితేటల పరీక్షలో మొదటి జట్టు సగటు 79.0, రెండవ జట్టు సగటు 81.9. రెండు జట్లకూ మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు, కానీ రెండూ దేశపు సగటుకు ఎంతో దిగువన ఉన్నాయి. అప్పుడు ఆమె బృందం దృష్టి కొకైన్ నుంచి ఆ పిల్లల పరిసరాల వైపు మళ్లింది. ఏడేళ్లు నిండేసరికి ఆ పిల్లలలో 81 శాతం మంది ఎవరినో ఒకరిని అరెస్టు చేయడం చూశారు. 74 శాతం మంది తుపాకీ మోత విన్నారు. 35 శాతం మంది మనిషిని కాల్చడం కళ్లారా చూశారు. హింసను ఎక్కువగా చూసిన పిల్లలలోనే దిగులు, భయం, తమ మీద తమకు నమ్మకం లేకపోవడం ఎక్కువగా కనిపించాయి. గర్భంలో కొకైన్ ప్రభావం లేనేలేదని దీనికి అర్థం కాదు. తక్కువ బరువుతో పుట్టడం, నెలలు నిండకుండా ప్రసవించడం, మాయ ముందుగా విడిపోవడం వంటి అపాయాలు నిర్ధారితమైనవే, కొందరిలో ఏకాగ్రతకు సంబంధించిన స్వల్ప తేడాలు కూడా కనిపించాయి. అయితే ఆ పిల్లల ఎదుగుదలను గట్టిగా దెబ్బతీసినది పేదరికమని ఈ సుదీర్ఘ పరిశీలన నిరూపించింది.

ఆ నిజం తేలేలోపు జరగవలసిన అన్యాయం జరిగిపోయింది. దక్షిణ కరొలైనాలోని చార్ల్‌స్టన్ నగరంలో ఒక ప్రభుత్వ ఆసుపత్రి 1989 నుంచి ప్రసవానికి వచ్చిన స్త్రీల మూత్రాన్ని వారి అనుమతి లేకుండా పరీక్షించి, కొకైన్ ఉన్నట్టు తేలితే ఆ సమాచారాన్ని పోలీసులకు అందజేసింది. కొందరిని ప్రసవమైన కొద్ది గంటలకే బేడీలు వేసి తీసుకువెళ్లారు. అరెస్టయిన 30 మందిలో ఒక్కరు తప్ప అందరూ నల్లజాతి స్త్రీలే. వైద్యానికి వచ్చిన మనిషి దేహం నుంచి అనుమతి లేకుండా పోలీసుల కోసం సాక్ష్యం సేకరించడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2001లో తీర్పు చెప్పింది. జైలు భయంతో అసలు ఆసుపత్రికే రాకుండా పోయిన గర్భిణుల లెక్క ఏ తీర్పులోనూ ఉండదు.

చట్టం, పోలీసులు, జైళ్లు

1986 జూన్ 17న బోస్టన్ సెల్టిక్స్ జట్టు మేరీలాండ్ విశ్వవిద్యాలయ బాస్కెట్‌బాల్ క్రీడాకారుడు లెన్ బయస్‌ను ఎంపిక చేసుకున్నది. రెండు రోజుల తరువాత, 22 ఏళ్ల వయసులో, అతడు కొకైన్ వల్ల గుండె ఆగి మరణించాడు. అతడు వాడినది పొడి కొకైన్. అయినా దేశం ఆ మరణాన్ని క్రాక్ ఖాతాలో రాసింది. నవంబరులో ఎన్నికలు ముంచుకొస్తుండగా రెండు పార్టీలు కఠినత్వంలో పోటీపడ్డాయి. నిపుణుల విచారణలు సరిగా జరపకుండానే అమెరికా చట్టసభ కాంగ్రెస్ మాదకద్రవ్య దుర్వినియోగ నిరోధక చట్టాన్ని ఆమోదించగా, అక్టోబరు 27న అధ్యక్షుడు రేగన్ దానిపై సంతకం చేశాడు.

ఈ చట్టం తప్పనిసరి కనీస శిక్ష అనే పద్ధతిని అనుసరించింది. అంటే ముద్దాయి వయసు, గత చరిత్ర, నేరంలో అతడి పాత్ర ఏదైనా సరే, సరుకు బరువు ఫలానా మేర దాటితే న్యాయమూర్తి ఇన్నేళ్లకు తగ్గకుండా శిక్ష వేయాలి. పొడి కొకైన్ అమ్మినవాడికి ఐదేళ్ల కనీస శిక్ష పడాలంటే 500 గ్రాములు ఉండాలి. క్రాక్ అయితే 5 గ్రాములు, అంటే చిన్న చెంచాడు ఉప్పు తూగేంత చాలు. పదేళ్ల శిక్షకు పొడి 5 కిలోలు, క్రాక్ 50 గ్రాములు. దీనినే వందకు ఒకటి నిష్పత్తి అంటారు. ఆ నిష్పత్తికి వైద్యశాస్త్రంలో ఎలాంటి ఆధారం లేదు. పొడిని పెద్దమొత్తంలో తెచ్చి అమ్మిన టోకు వ్యాపారి కన్నా, దానిని క్రాక్‌గా మార్చి వీధిలో అమ్మిన చిల్లర కుర్రాడికి ఎక్కువ శిక్ష పడే విపరీతం దానిలోనే ఇమిడి ఉన్నది. 1988లో మరో చట్టం, అమ్మకపోయినా 5 గ్రాములకు మించిన క్రాక్ కేవలం దగ్గర ఉంచుకున్నందుకే ఐదేళ్ల జైలు విధించింది.

పోలీసుల తీరు కూడా యుద్ధ స్వభావాన్ని సంతరించుకున్నది. లాస్ ఏంజెలెస్ పోలీసు అధిపతి డారిల్ గేట్స్ 1985 ఫిబ్రవరిలో పకోయిమా ప్రాంతంలోని ఒక ఇంటి గోడను, సాయుధ వాహనానికి అమర్చిన 14 అడుగుల ఉక్కు దూలంతో బద్దలు కొట్టించాడు. లోపల ఇద్దరు స్త్రీలు, ముగ్గురు పిల్లలు ఐస్‌క్రీం తింటూ కనిపించారు; చెప్పుకోదగ్గ సరుకేమీ దొరకలేదు. 1988 ఏప్రిల్‌లో అదే నగరంలో ఒక్క వారాంతంలో 1,453 మందిని అరెస్టు చేశారు. 1989 సెప్టెంబరు 5న అధ్యక్షుడు జార్జ్ బుష్ టెలివిజన్ ప్రసంగంలో ఒక క్రాక్ పొట్లాన్ని చేత పట్టుకుని, అది శ్వేతసౌధానికి ఎదురుగా ఉన్న లఫయెట్ పార్కులో పట్టుబడిందని చెప్పాడు. ఆ ప్రసంగానికి పనికివచ్చేలా 18 ఏళ్ల కుర్రాడొకడిని మాదకద్రవ్య నిరోధక అధికారులే ఎలాగో అక్కడికి రప్పించారని ఆ నెలలోనే వాషింగ్టన్ పోస్ట్ వెల్లడించింది. ఆ కుర్రాడికి తరువాత వేరే అమ్మకాలపై పదేళ్ల శిక్ష పడింది.

ఫలితం జైళ్లలో కనిపించింది. 1980లో అమెరికా కారాగారాలన్నిటిలో కలిపి సుమారు 5 లక్షలమంది ఉండగా 2000 నాటికి ఆ సంఖ్య 19 లక్షలు దాటింది. ఈ పెరుగుదల అంతటికీ క్రాక్ చట్టాలే కారణం కాదు, రాష్ట్రాల కఠిన శిక్షల పాత్ర అందులో పెద్దది. కానీ జాతి వివక్ష అంత స్పష్టంగా అంకెలలో కనబడినది క్రాక్ కేసుల్లోనే. క్రాక్ వాడినవారిలో శ్వేతజాతీయులే ఎక్కువమంది అని ప్రభుత్వ సర్వేలు చెబుతుండగా, 1993లో ఫెడరల్ న్యాయస్థానాలలో క్రాక్ వ్యాపారం కింద శిక్ష పడినవారిలో 88 శాతం మంది నల్లవారు. జైలు నుంచి బయటికి వచ్చినా శిక్ష తీరేది కాదు. 1996 నాటి సంక్షేమ చట్టం మాదకద్రవ్య నేరస్థులకు ఆహార కూపన్లను జీవితాంతం నిరాకరించింది. 1998 నాటి సవరణ మాదకద్రవ్య నేరాలలో శిక్ష పడిన విద్యార్థులకు చదువుల సహాయాన్ని నిలిపివేసింది. ఇంట్లో ఒకరు పట్టుబడితే కుటుంబమంతటినీ ప్రభుత్వ గృహం నుంచి ఖాళీ చేయించే నిబంధన వచ్చింది. అనేక రాష్ట్రాలలో ఓటు హక్కు పోయింది.

ఈ చట్టాలను శ్వేతజాతి నాయకులు మాత్రమే నెత్తిన రుద్దారని చెప్పడం చరిత్రకు న్యాయం కాదు. హార్లెమ్ ప్రతినిధి, నల్లజాతి నాయకుడు చార్లెస్ రాంగెల్ 1986 చట్టాన్ని బలపరిచినవారిలో ప్రముఖుడు. తమ పిల్లల శవాలను మోసిన తల్లులు, చర్చి పెద్దలు, వాడ సంఘాలు పోలీసులను పంపమని గట్టిగా అడిగారు. పోలీసులతో పాటు బడులు, ఉద్యోగాలు, చికిత్సా కేంద్రాలు కూడా కావాలని వారు అడిగిన సంగతిని, వారికి అందినవి మాత్రం పోలీసులు, జైళ్లేనన్న సంగతిని న్యాయశాస్త్రవేత్త జేమ్స్ ఫోర్మన్ 2017లో వెలువరించిన గ్రంథంలో వివరించాడు. దానికి మరుసటి ఏడు పులిట్జర్ బహుమతి లభించింది. వాషింగ్టన్ మేయర్ మేరియన్ బ్యారీ 1990 జనవరిలో ఒక హోటల్ గదిలో క్రాక్ తాగుతూ రహస్య కెమెరాకు చిక్కి, ఆరు నెలల జైలు అనుభవించి, 1994లో తిరిగి మేయరుగా ఎన్నికవడం కూడా అక్కడి నల్లజాతి సమాజం ప్రభుత్వాన్ని ఎంత అనుమానించేదో చూపిస్తుంది.

తగ్గుముఖం, ఆలస్యపు సవరణలు

1990ల మధ్య నాటికి కొత్తగా క్రాక్ మొదలుపెట్టేవారి సంఖ్య బాగా పడిపోయింది. అరెస్టయినవారి మూత్ర పరీక్షల వివరాలను విశ్లేషించిన ఆండ్రూ గోలబ్, బ్రూస్ జాన్సన్ అనే పరిశోధకులు, 1970 తరువాత పుట్టినవారు క్రాక్‌కు దూరంగా ఉన్నారని గుర్తించారు. అన్నలు, తల్లులు, మేనమామలు ఎముకలగూడుగా మారడం చూసిన పిల్లలు క్రాక్ తాగేవారిని హీనంగా చూశారు. క్రాక్ తాగేవాడని పిలవడమే తిట్టుగా మారింది. కళాకారులు సైతం తమ వంతు చేశారు. కీత్ హారింగ్ 1986లో హార్లెమ్ ఆటస్థలంలోని ఒక గోడ మీద అనుమతి లేకుండా క్రాక్‌కు వ్యతిరేకంగా పెద్ద నారింజ రంగు చిత్రం వేసి జరిమానా కట్టాడు. అదే ఏడాది నగరమే పిలిచి మళ్లీ వేయించిన ఆ చిత్రం నేటికీ ఉంది. అంగళ్లు వీధుల నుంచి ఇళ్లలోకి, ఫోన్లలోకి మారడం, ఉద్యోగాలు పెరగడం కూడా హింస తగ్గడానికి తోడ్పడ్డాయి. కఠిన శిక్షల పాత్ర ఎంతన్న దానిపై పండితుల మధ్య ఏకాభిప్రాయం లేదు. మహమ్మారి నడిమధ్యలోనే, 1989లో, మయామీలో వ్యసనపరులను జైలుకు బదులు చికిత్సకు పంపే తొలి మాదకద్రవ్య న్యాయస్థానం మొదలైంది. ఆ నమూనా తరువాత దేశమంతటా వ్యాపించింది.

వందకు ఒకటి నిష్పత్తిని ఎత్తివేయాలని అమెరికా శిక్షల కమిషన్ 1995లోనే సిఫార్సు చేసింది. కాంగ్రెస్ తిరస్కరించింది, అధ్యక్షుడు క్లింటన్ ఆ తిరస్కరణపై సంతకం చేశాడు. ఈ నిష్పత్తితో విభేదించి తక్కువ శిక్ష వేసే స్వేచ్ఛ న్యాయమూర్తులకు ఉన్నదని సుప్రీంకోర్టు 2007లో కింబ్రో కేసులో చెప్పినా, చట్టంలోని కనీస శిక్షలు అలాగే నిలిచాయి. 2010 ఆగస్టులో అధ్యక్షుడు ఒబామా సంతకం చేసిన చట్టం నిష్పత్తిని పద్దెనిమిదికి ఒకటిగా తగ్గించి, ఐదేళ్ల శిక్షకు కావలసిన క్రాక్ పరిమాణాన్ని 28 గ్రాములకు పెంచింది. అప్పటికే జైలులో ఉన్నవారికి ఆ సడలింపు వర్తించడానికి 2018 డిసెంబరు దాకా, మరో చట్టం దాకా ఆగవలసి వచ్చింది. పోల్చి చూస్తే, భారతదేశపు 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కొకైన్‌నూ దాని లవణాలనూ ఒకే గాటన కట్టి, 2 గ్రాముల దాకా స్వల్ప పరిమాణంగా, 100 గ్రాములు దాటితే వాణిజ్య పరిమాణంగా లెక్కిస్తుంది. పేదవాడి సరుకుకు ఒక తూకం, సంపన్నుడి సరుకుకు మరొక తూకం అన్న భేదం అందులో లేదు.

2010 తరువాత నొప్పి మాత్రలు, హెరాయిన్, ఫెంటనిల్ వల్ల శ్వేతజాతి పట్టణాలలో మరణాలు పెరిగినప్పుడు, అదే అమెరికా చట్టసభ 2016లో వ్యసనాన్ని జబ్బుగా గుర్తించి చికిత్సకు, పునరావాసానికి ప్రాధాన్యమిచ్చే చట్టం చేసింది. ఆ దృష్టి సరైనదే. ముప్పై ఏళ్ల ముందు హార్లెమ్‌కు, దక్షిణ లాస్ ఏంజెలెస్‌కు కూడా అదే దక్కవలసి ఉండింది.

పొడికీ క్రాక్‌కూ ఉన్న తేడాను పూర్తిగా తొలగించే బిల్లును అమెరికా ప్రతినిధుల సభ 2021 సెప్టెంబరులో 361-66 ఓట్లతో ఆమోదించింది. సెనేట్ దానిని ఓటింగుకే తీసుకోలేదు. పద్దెనిమిదికి ఒకటి నిష్పత్తి చట్టంలో అలాగే మిగిలిపోయింది.